ఏ కొండకోట ఎక్కాలి? దక్షిణ ఫ్రాన్స్ పల్లెల్లో సెలవులు గడిపేవాళ్ళకి

కెరిబ్యూస్ కోట టికెట్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా అమ్మ చీర కొంగు వైపు ఒకసారి, కాళ్ళకున్న చెప్పుల వైపు ఒకసారి చూసి, "పైన గాలి బాగా ఉంది, ఆవిడకి చెప్పండి" అంది. చెప్పాను. "ఆఁ, గాలేగా" అంది అమ్మ. రెండో మలుపు తిరిగామో లేదో కొంగు కాస్తా నాన్న మొహానికి చుట్టుకుంది, ఆయన కళ్ళజోడు ఊడి రాళ్ళ మీద పడింది, అమ్మ పక్కనున్న బండని రెండు చేతులా పట్టుకుని అక్కడే కూలబడింది. పిల్లలు వాళ్ళ నాన్నతో పైదాకా వెళ్ళొచ్చారు. అమ్మా నాన్నా నేనూ కిందికి దిగి, కారులో కూర్చుని జంతికలు తిన్నాం. తప్పు కోటది కాదు, అమ్మదీ కాదు. ఆ రోజుకి, ఆ మనుషులకి ఆ కోటని ఎంచింది నేను.

మేం తులూజ్‌లో ఉంటాం. ఇండియా నుంచి ఎవరు వచ్చినా, జర్మనీ నుంచి ఫ్రెండ్స్ దిగినా రెండో రోజుకల్లా "ఇక్కడేవో పాడుబడ్డ కోటలున్నాయట కదా" అని మొదలుపెడతారు. ఉన్నాయి. తులూజ్‌కి ఆగ్నేయంగా, పిరనీస్ పర్వతాల దిగువన, ఓద్, అరియేజ్ జిల్లాల్లో కొండకొకటి చొప్పున ఉన్నాయి. లువార్ నది ఒడ్డున ఉండే అద్దాల హాళ్ళు, పూలతోటల రాజభవనాలు మనసులో పెట్టుకుని వస్తే మాత్రం నిరాశ తప్పదు. ఇక్కడ పైకప్పు ఉన్న గది దొరకడమే గొప్ప. ఒక్కో కోటకి సగం పూట పడుతుంది, ఎక్కడం దిగడం ఉంటుంది, అన్నీ చూడాలని బయల్దేరినవాళ్ళు మూడోదానికల్లా నీరసించిపోతారు. అందుకే వచ్చినవాళ్ళని ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాను: మోకాళ్ళెలా ఉన్నాయి, ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయా, పిల్లల వయసెంత, మీకు కావలసింది కథా, కట్టడమా? ఫోటోలు చూసి ఎంచుకోవద్దని కూడా చెప్తాను. ఫోటోలో అన్నీ ఒకేలా ఉంటాయి, కొండ మీద రాళ్ళ గోడ.

ఇంతకీ ఇవి ఎవరి కోటలు

దారి పొడుగునా "కతార్ల దేశం" అని బోర్డులు కనిపిస్తాయి. గల్ఫ్‌లో ఉన్న ఖతార్‌కి దీనికీ సంబంధం లేదు. కతార్లు 12, 13 శతాబ్దాల్లో ఇక్కడ బతికిన ఒక క్రైస్తవ శాఖ. ఈ లోకం చెడ్డ శక్తి చేసిందని, ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి మారుతూ చివరికి విడుదలవుతుందని నమ్మేవారు. వాళ్ళలో దీక్ష తీసుకున్నవాళ్ళు మాంసం, గుడ్లు, పాలు ముట్టేవారు కాదు. చేపలు మాత్రం తినేవారు. ఈ ముక్క చెప్పగానే మా నాన్న "మనవాళ్ళే" అన్నారు. చేపల సంగతి విన్నాక "గోదావరి జిల్లా మనవాళ్ళు" అని సవరించుకున్నారు.

రోమ్ చర్చికి ఇది మింగుడుపడలేదు. 1209లో పోప్ మూడో ఇన్నొసెంట్ పిలుపు మీద ఉత్తరాది సైన్యాలు దిగాయి. ఆ జులై 22న బెజియే ఊరి జనాన్ని ఊచకోత కోశారు, ఆగస్టులో కార్కసోన్ అనే పెద్ద కోట నగరం లొంగిపోయింది. యుద్ధం 1229 దాకా సాగింది, ఆ తర్వాత కూడా కొన్ని కొండలు లొంగలేదు.

మీ ఎంపికకి పనికొచ్చే సంగతి ఇకపైన ఉంది. కతార్లు తలదాచుకున్న కోటలు చాలావరకు ఇప్పుడు లేవు. గెలిచిన ఫ్రాన్స్ రాజులు అవే కొండల మీద వాటిని దాదాపు కొత్తగా కట్టుకున్నారు. 1258లో కోర్బెయ్ ఒప్పందంతో ఫ్రాన్స్‌కీ అరగాన్ రాజ్యానికీ సరిహద్దు ఈ కొండల దగ్గరే ఖాయమైంది. పేర్‌పెర్తూజ్, కెరిబ్యూస్, ప్వీలోరెన్స్, అగిలార్, తెర్మ్ కోటలు ఆ సరిహద్దుకి కాపలా కాశాయి. ఈ అయిదింటినీ "కార్కసోన్ అయిదుగురు కొడుకులు" అంటారు. 1659లో పిరనీస్ ఒప్పందంతో సరిహద్దు దక్షిణానికి జరిగిపోయాక వీటితో పని లేకపోయింది, పాడుబడ్డాయి. అంటే మీరు చూసేది ఎక్కువగా రాజు సైనికుల ఠాణా. కతార్ల కథ కావాలంటే ఒక కోట, కట్టడం కావాలంటే ఇంకో కోట ఎంచుకోవాల్సి వచ్చేది అందుకే.

పేర్‌పెర్తూజా, కెరిబ్యూసా

అందరూ అడిగేది ఇదే. రెండింటికీ మధ్య కారులో ఇరవై నిమిషాలు, నడుమ కుకున్యా అనే చిన్న ఊరు. ఒకదాని మీద నుంచి ఇంకోటి కనిపిస్తుంది.

రెండిట్లో ఒకటే చూసే టైముంటే పేర్‌పెర్తూజ్‌కి వెళ్ళండి. సుమారు 800 మీటర్ల ఎత్తున, కత్తి అంచులాంటి సున్నపురాతి గట్టు మీద 300 మీటర్ల పొడవున సాగిన కోట ఇది. ఆకాశంలో కార్కసోన్ అని కూడా పిలుస్తారు. కింద ద్వీయాక్ ఊరి నుంచి చూస్తే కోట ఉందని కూడా తెలియదు, కొండకొన కాస్త పళ్ళు పళ్ళుగా కనిపిస్తుంది అంతే. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ పళ్ళు గోడలవుతాయి. టికెట్ కొన్నాక దారి ఎక్కడానికి బదులు ముందు కిందికి దిగుతుంది. ఉత్తరం వైపు పొదల నీడలో కొండని చుట్టి వెళ్ళి, అక్కడి నుంచి ఎక్కిస్తుంది. పదిహేను ఇరవై నిమిషాల నడక. తిరుగు ప్రయాణంలో చివర్న మళ్ళీ ఎక్కాలని అప్పుడే గుర్తుపెట్టుకోండి, మంచినీళ్ళు అంతా పైనే తాగెయ్యకండి.

లోపలికి వెళ్ళాక కింది కోట ఓడ ముక్కులా సన్నగా ముందుకి పొడుచుకొస్తుంది. పాత చర్చి, దాని పక్కన కోట అధికారి ఉన్న ఇల్లు. ఇక్కడిదాకా ఎవరైనా రావచ్చు. ఆ తర్వాత వస్తాయి సెయింట్ లూయీ మెట్లు. 1240లో కోట రాజు చేతికి వచ్చాక, 1242లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ (సెయింట్ లూయీ ఈయనే) పై కొన మీద ఇంకో కోట కట్టించమని, అక్కడికి మెట్లు తొలిపించమని ఆజ్ఞ ఇచ్చాడు. అరవై మెట్లు ఉంటాయేమో. ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏమీ లేదు. ఏమీ అంటే నిజంగా ఏమీ లేదు, చాలా కిందన చెట్ల తలలు. పట్టుకోవడానికి తాడులాంటి ఆధారం ఉంది. మెట్ల రాయి వందల ఏళ్ళుగా కాళ్ళు పడి పడి సబ్బులా నున్నబడింది, చినుకు పడిందంటే జారుతుంది. మా ఆయనకి ఎత్తు పడదు. మొదటిసారి సగంలో ఆగి, గోడకి వీపు ఆనించి, "మీరు వెళ్ళి రండి, నేను ఇక్కడ రాళ్ళు చూస్తుంటా" అన్నారు. ఎక్కినవాళ్ళకి పైన సాన్ జోర్డి అనే కోట భాగం, చిన్న ప్రార్థనా మందిరం, కాళ్ళ కింద మనం వచ్చిన కోట మొత్తం మ్యాపు పరిచినట్టు కనిపిస్తాయి. ఈ మెట్లు ఎక్కకపోయినా టికెట్ దండగ కాదు. ఎక్కితే మాత్రం ఈ ప్రాంతంలో ఇంకే కోటా అంత అనిపించదు. అందుకే దీన్ని మొదటి రోజే చూడొద్దంటాను.

కెరిబ్యూస్ అలా కాదు. 728 మీటర్ల ఎత్తున వేలెత్తి చూపించినట్టు ఒకే రాయి, దాని మీద ఒకే బురుజు. నడక తక్కువే, పది పదిహేను నిమిషాలు. కానీ ఆ నడకలో నీడ లేదు, చాటు లేదు. వాయవ్యం నుంచి వచ్చే గాలిని ఇక్కడ త్రమోంతాన్ అంటారు. అది సరిగ్గా ఈ కొండకే గురిపెట్టినట్టు కొడుతుంది. మరీ ఎక్కువైతే కోట మూసేస్తారు కూడా. గాలి లేని రోజున మాత్రం దీని అందమే వేరు. ఒక పక్క కనిగూ శిఖరం, తలెత్తితే మంచు, తల తిప్పితే దూరంగా మధ్యధరా సముద్రం. లోపల చూడాల్సింది స్తంభాల హాలు. పేరుకి స్తంభాల హాలే గానీ ఉన్నది ఒకే స్తంభం, అదీ నడిమధ్యలో కాదు, కాస్త పక్కకి. దాని పైనుంచి కప్పు కమానులు తాటాకు విచ్చుకున్నట్టు నాలుగు వైపులా పరుచుకుంటాయి. బయటి ఎండలోంచి వచ్చాక కళ్ళు అలవాటు పడటానికి ఓ నిమిషం పడుతుంది, ఆగండి. 1255లో లొంగిన ఈ కోటనే కతార్లకి మిగిలిన చివరి ఆసరాగా చెప్తారు.

కాళ్ళలో సత్తా ఉండి రెండూ ఒకే రోజు చూడాలనుకుంటే, పొద్దున్నే పేర్‌పెర్తూజ్, మధ్యాహ్నం కుకున్యాలో భోజనం, అక్కడే పాత గాలిమర చూసి, ఎండ వాలాక కెరిబ్యూస్. తిరగేసి పెట్టుకోకండి. పెద్దది అలసిపోయాక ఎక్కకూడదు. ఇంకో మాట, మూసే టైముకి బాగా ముందే టికెట్లు ఇవ్వడం ఆపేస్తారు.

మోంసెగ్యూర్: కట్టడం కోసం కాదు

అరియేజ్ వైపు, 1207 మీటర్ల ఎత్తున ఉంది మోంసెగ్యూర్. ఫోటోలు తీసుకుని వచ్చేద్దామనుకునేవాళ్ళకి దీన్ని నేను చెప్పను. పైకి వెళ్ళాక కనిపించేది నాలుగు గోడలు, ఓ బురుజు, మధ్యలో గడ్డి. ఆ గోడలు కూడా కతార్లవి కావు, వాళ్ళు పోయాక కొత్త యజమానులు కట్టినవి. ఎక్కడం మాత్రం అన్నింటికంటే ఎక్కువ, నిట్టనిలువు దారిలో అరగంట పైనే. గోల్కొండలో బాలాహిస్సార్ దాకా ఎక్కిన అనుభవం ఉంటే దానికి ఇంకో సగం కలుపుకోండి. అక్కడిలా తీర్చిన మెట్లుంటాయనుకోకండి, చాలాచోట్ల రాళ్ళు తేలిన కాలిబాట.

అయినా కథ కోసం వచ్చేవాళ్ళు ముందు చూడాల్సింది ఇదే. 1242 మేలో అవిన్యోనే అనే ఊళ్ళో మతవిచారణాధికారుల్ని, అంటే కతార్లని వెతికి శిక్షించే చర్చి అధికారుల్ని, చంపినవాళ్ళు ఈ కొండ మీద నుంచే వెళ్ళారు. దానికి బదులుగా 1243 మేలో రాజసైన్యం వచ్చి ముట్టడి వేసింది. పది నెలలు పట్టింది. చివరికి కొండలెక్కడం తెలిసిన కొద్దిమంది రాత్రి పూట నిటారు బండని పాకి తూర్పు కొసన ఉన్న కాపలా చోటు పట్టుకున్నాక కోట నిలవలేదు. లొంగిపోవడానికి పదిహేను రోజుల గడువు ఇచ్చారు. నమ్మకం వదులుకున్నవాళ్ళు వెళ్ళిపోవచ్చు. ఆ గడువులో ఇరవై మంది దాకా, అప్పటివరకు దీక్ష లేనివాళ్ళు, కావాలని దీక్ష తీసుకున్నారు. తీసుకుంటే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. 1244 మార్చి 16న రెండు వందల మందికి పైగా మంటల్లోకి వెళ్ళారు. మన దగ్గర గణపతిదేవుడు మోటుపల్లి రేవుకి వచ్చే పరదేశ వర్తకులకి అభయ శాసనం వేయించింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే.

కొండ కింద పచ్చిక మైదానాన్ని "కాలినవాళ్ళ పొలం" అంటారు. అక్కడ ఒక రాతి ఫలకం ఉంది. పైకి ఎక్కలేని వాళ్ళు దాని దగ్గర కూర్చుని, ఊళ్ళో ఉన్న చిన్న మ్యూజియం చూసి రావచ్చు. నిజం చెప్పాలంటే నాకు పైన ఉన్న గోడల కంటే ఆ పొలమే ఎక్కువ గుర్తుంది. నిధులు, ఏసు చివరి విందులో వాడాడనే రహస్య గిన్నె అంటూ పుస్తకాల షాపుల్లో బోలెడు కథలు అమ్ముతారు. పిల్లలకి బాగుంటాయి.

పెద్దవాళ్ళూ చంటిపిల్లలూ ఉంటే

ఇప్పుడు మా అమ్మలాంటి వాళ్ళకి. లాస్తూర్ వెళ్ళండి. కార్కసోన్‌కి ఉత్తరాన, కారులో అరగంట లోపే. ఒకే గట్టు మీద నాలుగు చిన్న కోటలు వరసగా ఉంటాయి: కబారే, రెజీన్ బురుజు, స్యూర్‌దెస్పీన్, కెర్తీన్యూ. ఒకప్పటి బట్టల మిల్లులో టికెట్లు ఇస్తారు, అక్కడి నుంచి ఎక్కే దారి రెండు గంటల పని. అయితే అసలు వెసులుబాటు ఎదుటి కొండ మీద ఉంది. అక్కడ ఒక వ్యూ పాయింట్ ఉంది, దాని దాకా కారు వెళ్తుంది. దిగి నాలుగడుగులు వేస్తే నాలుగు కోటలూ, వాటి చుట్టూ బాణాల్లా నిలబడ్డ సైప్రస్ చెట్లూ ఒకే చూపులో పడతాయి. వయసులో ఉన్నవాళ్ళు లోయ దాటి ఎక్కి రావచ్చు, పెద్దవాళ్ళు ఇటు నుంచి వాళ్ళకి చెయ్యి ఊపచ్చు. మా అమ్మ ఆ తర్వాతి వారం సరిగ్గా అదే చేసింది. డబ్బా విప్పి పులిహోర తింటూ, "ఇదేదో ముందే చూపించొచ్చుగా" అంది.

లాస్తూర్ కథ మాత్రం పిల్లలకి చెప్పేది కాదు. 1210లో సిమోన్ ద మోంఫోర్ అనే ఉత్తరాది సైన్యాల దండనాయకుడు బ్రామ్ అనే ఊరిని పట్టుకుని, దొరికిన వందమంది దాకా సైనికుల కళ్ళు పీకించి, ముక్కులు కోయించి, ఒకడికి ఒక్క కన్ను వదిలి, వాడి వెనక వాళ్ళందరినీ వరసగా ఈ కబారే కోటకి నడిపించాడు. కోట వాళ్ళు చూసి భయపడాలని. వాళ్ళు వెంటనే లొంగలేదు, మరుసటి ఏడాది ఒప్పందం మీద ఇచ్చేశారు.

అయిదు నుంచి పదేళ్ళ పిల్లలుంటే నా ఓటు ప్వీలోరెన్స్‌కి. 697 మీటర్లు. పావుగంట, ఇరవై నిమిషాల దారి చాలావరకు అడవి నీడలోనే సాగుతుంది. ఎండాకాలంలో ఇంతకంటే ఏం కావాలి. కోట ద్వారానికి చేరే బాట అడ్డుగోడల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. శత్రువు ప్రతి మలుపులోనూ పైనున్నవాళ్ళకి దొరికిపోవాలని అలా కట్టారు. మా పిల్లలు అక్కడ గంటసేపు యుద్ధం చేశారు. ఒక బురుజుని తెల్లదొరసాని బురుజు అంటారు, బ్లాన్ష్ ద బూర్బోన్ అనే రాకుమారి దయ్యమై తిరుగుతుందని కథ. ఆ బురుజు గోడలో ఒక గొట్టం ఉంది, ఒక అంతస్తులో మాట్లాడితే ఇంకో అంతస్తులో వినిపిస్తుంది. చిన్నవాళ్ళకి దీని తర్వాత ఇంకే చరిత్రా అక్కర్లేదు. చుట్టు గోడల ఆకారం ఇక్కడ నిలిచినంత బాగా మిగతా వాటిల్లో నిలవలేదు కూడా.

స్ట్రోలర్ ఏ కోటకీ పనికిరాదు. చంటిబిడ్డని వీపున కట్టుకునే క్యారియర్ ఉంటే తెచ్చుకోండి. రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య పిల్లల్ని పేర్‌పెర్తూజ్‌కి, కెరిబ్యూస్‌కి తీసుకెళ్ళకపోవడమే మంచిది. ఆ వయసు వాళ్ళు చెయ్యి వదిలించుకుని పరిగెడతారు, అక్కడ పరిగెత్తే చోటు లేదు.

అగిలార్ ద్రాక్షతోటల మధ్య 320 మీటర్ల చిన్న గుట్ట మీద ఉంది, తొందరగా అయిపోతుంది, జనం ఉండరు. సాయంత్రం ఖాళీగా ఉంటే వెళ్ళండి. తెర్మ్‌ని 1210లో నాలుగు నెలల ముట్టడి కోసం చరిత్రలో చదువుకుంటారు గానీ, 17వ శతాబ్దంలో మందు పెట్టి పేల్చేశాక చూడటానికి మిగిలింది కొంచెమే. చరిత్ర మీద మరీ ఇష్టం లేకపోతే వదిలేయండి.

మరి కార్కసోన్?

యునెస్కో జాబితాలో 1997 నుంచి ఉంది, అందరూ దాని పేరే చెప్తారు. కానీ అది శిథిలం కాదు. 19వ శతాబ్దంలో కూలిపోతున్న కోటని వియోలే ల ద్యూక్ అనే వాస్తుశిల్పి 1853 నుంచి బాగుచేయించాడు. రెండు వరసల గోడలు, 52 బురుజులు, వాటి మీద నల్ల పలకల టోపీలు. ఈ దక్షిణాదిన ఆ టోపీలు ఉత్తరాది ఫ్యాషన్ అని అప్పుడే గొడవ చేశారు. లోపల వీధుల్లో ప్లాస్టిక్ కత్తులు, ఐస్‌క్రీములు. జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో తిరుమల క్యూ గుర్తొస్తుంది.

అయినా తీసెయ్యను. తులూజ్ నుంచి రైలు ఉంది, కారు లేనివాళ్ళు తేలిగ్గా చేరగలిగేది ఇదొక్కటే. కోట ఊరు లోపల తిరగడానికి డబ్బులక్కర్లేదు, లోపలున్న కౌంట్ కోటకీ (ఒకప్పటి ప్రభువుల కోట) గోడల మీద నడవడానికీ టికెట్. పైగా ముందు దీన్ని చూస్తే ఆ తర్వాత కొండ మీద విరిగిన గోడ చూసినప్పుడు ఇది ఒకప్పుడు ఎలా ఉండేదో ఊహకి అందుతుంది. అందుకే మొదటి సాయంత్రం, బస్సుల జనం వెళ్ళిపోయాక, ఆరు దాటి వెళ్ళండి. రోజంతా దానికి ఇవ్వొద్దు.

ఎక్కడ దిగాలి

ఈ కొండల్లో బస్సులని నమ్ముకుంటే ఒక కోట చూసి ఇంటికొస్తారు. కారు తప్పదు. ఇక్కడ అద్దె కార్లు ఎక్కువగా గేర్లవే, ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి. డి 117 అనే రోడ్డుని గుర్తుపెట్టుకోండి. పెర్పిన్యాఁ దగ్గర నుంచి మోరీ, కియాన్ మీదుగా ఫ్వా దాకా వెళ్తుంది. కెరిబ్యూస్, ప్వీలోరెన్స్ దానికి దగ్గర్లోనే, మోంసెగ్యూర్ కాస్త లోపలికి. గలమ్యూస్ లోయ మీదుగా అడ్డదారి కనిపిస్తుంది, అందంగా ఉంటుంది, కానీ రాతిని తొలిచిన ఇరుకు రోడ్డు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి. క్యాంపర్ వ్యాన్‌తో ఆ వైపు పోకండి.

వారం రోజులు ఉండేవాళ్ళకి జీత్ బాగుంటుంది. జీతం కాదు, జీత్. పల్లెటూళ్ళో వంటగదితో సహా అద్దెకిచ్చే ఇల్లు. జులై, ఆగస్టుల్లో చాలాచోట్ల శనివారం నుంచి శనివారం దాకా, వారం లెక్కనే ఇస్తారు. కియాన్ చుట్టుపక్కల తీసుకుంటే అన్నీ గంట అటూ ఇటూ దూరంలో ఉంటాయి. కుకున్యా వైపు తీసుకుంటే రెండు పెద్ద కోటలు గుమ్మంలో ఉన్నట్టే, కానీ పాలప్యాకెట్టుకి కూడా కారు తియ్యాలి. మూడే రోజులుంటే, వెంట పెద్దవాళ్ళుంటే, కార్కసోన్‌లోనే ఉండి లాస్తూర్, ఇంకొక్క కోట చూసుకోండి.

మేం ఒకసారి "కోట కనిపించే ఇల్లు" అన్న ప్రకటన చూసి తీసుకున్నాం. కనిపించింది, బాత్రూమ్ కిటికీలోంచి, స్టూలు ఎక్కితే.

తిండి, నీళ్ళు, ఎండ

పల్లెల్లో భోజనం పన్నెండు నుంచి రెండు లోపల. రెండుంబావుకి వెళ్ళి బతిమాలినా వంటగది మూసేసి ఉంటుంది. షాపులు కూడా మధ్యాహ్నం మూస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత అసలు ఆశ పెట్టుకోకండి, సోమవారం చాలా హోటళ్ళకి సెలవు. శాకాహారులకి ఇంకో హెచ్చరిక: ఈ ప్రాంతపు గొప్ప వంట కాసూలే. చూడటానికి బొబ్బర్ల కూరలా ఉంటుంది, లోపల బాతు మాంసం, పంది సాసేజీలు ఉంటాయి. పొద్దున్నే పులిహోరో, చపాతీ చుట్టో కట్టుకోవడం హాయి. కొండ మీద నీళ్ళు దొరకవు, మనిషికి లీటరున్నర కింద నుంచే మోయాలి. బాత్రూమ్ కూడా పార్కింగ్ దగ్గరే చూసుకోవాలి. టికెట్లు మామూలుగా మనిషికి పది యూరోలకి అటూ ఇటూ. మూడు నాలుగు కోటలు చూసేవాళ్ళయితే మొదటి కౌంటర్‌లోనే "పాస్‌పోర్ట్" అడగండి. కొద్ది డబ్బు కట్టి తీసుకుంటే మిగతా చోట్ల తగ్గింపు ఇచ్చే కార్డు అది.

చెప్పులు వద్దు. పట్టున్న బూట్లు. చీర కట్టుకునేవాళ్ళకి పిన్నులు సరిపోవు, చుడీదార్ మేలు. టోపీకి తాడు ఉండాలి.

రావడానికి మంచి కాలం ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్. చలికాలంలో కొన్ని కోటలు మూసేస్తారు, కొన్ని తక్కువ గంటలు తెరుస్తారు. నడివేసవిలో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలు, దాంతోపాటు అడవి మంటల భయం. 2025 ఆగస్టులో ఈ కోర్బియేర్ కొండల్లో ఒక్క మంటలోనే దాదాపు 16 వేల హెక్టార్లు కాలిపోయాయి. ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో అడవి దారులు మూసేస్తారు, అందుకని బయల్దేరే ముందు కోటకి ఒక ఫోన్ చేయండి. ఉరుములు వినిపిస్తే పైన ఉన్నవాళ్ళని కూడా దింపేస్తారు, వాదించొద్దు. అత్యవసరానికి నంబరు 112.

ఇక పొద్దున్న లేచాక ఎటు వెళ్ళాలో తేలకపోతే, జీత్ కిటికీలోంచి ఎదురుగా ఉన్న సైప్రస్ చెట్టుని చూడండి, ఈ ఊళ్ళలో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. కదలకుండా ఉంటే కెరిబ్యూస్. కొస మాత్రం ఊగుతుంటే, కింద రాయి పొడిగా ఉంటే, పేర్‌పెర్తూజ్. నడుము దాకా వంగుతుంటే అడవి చాటున ప్వీలోరెన్స్. చెట్టు మొత్తం ఒక పక్కకి వాలిపోయి లేవకపోతే కార్కసోన్ వెళ్ళి కాఫీ తాగండి.